మల్కాపురంలో మైనస్ 40 డిగ్రీలు

మొన్నటి వైశాఖమాసంలో ఒకనాటి మిట్టమధ్యాహ్నం, మల్కాపురం ప్రధాన రహదారి మీద, నా పాతకారు ముందుపలక బయటి ఉష్ణోగ్రత −40 డిగ్రీలని ప్రకటించింది. ఆ క్షణాన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. పక్కసీటులో మా ఆవిడ విసనకర్ర బదులు కరెంటుబిల్లుతో విసురుకుంటోంది. ఎడమవైపు చమురుశుద్ధి కర్మాగారపు గొట్టాల మీద ఎండ తళతళలాడుతోంది. లంబసింగిలో పుష్యమాసపు తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటేనే పత్రికలవాళ్ళు బొమ్మలు వేస్తారు. అలాంటి మన్యానికి కూడా ఊహకందని చలి మా సింధియా కూడలికి దిగివచ్చిందన్నమాట! సెల్సియస్ లెక్కలో చెప్పినా ఫారెన్‌హీట్ లెక్కలో చెప్పినా అంకె మారనిది ఈ −40 ఒక్కటే. కనుక ఏ దేశపు కొలతతో చూసినా ఇది సమానమైన అబద్ధమే.

అబద్ధం చెప్పిన యంత్రం మీద నాకు కోపం లేదు. దాని కథ తరువాత చెబుతాను. ఆ అబద్ధాన్ని కళ్ళారా చూసి కూడా దాని జోలికి పోకుండా, కారులో ఒక్కొక్క అవయవాన్నే కోసి కొత్తది పెడదామన్న వైద్యుల మీదే నా ఫిర్యాదంతా. వారికి ఆ ధైర్యం ఇచ్చిన మనబోటివాళ్ళ మీద కూడా.

అదేరోజు కారులో ఏసీ కూడా ఆగిపోయింది. మొదటి మరమ్మతుశాలలో "గ్యాసు అయిపోయుంటుందండి" అన్నారు. గ్యాసు నింపారు. 2,200 రూపాయలు. చల్లదనం రాలేదు. "అయితే కంప్రెసరు పోయిందండి" అన్నారు. 24,000 అవుతుందని కాగితం మీద రాసిచ్చారు. నాయనా, ముందుపలక మీద మైనస్ నలభై అని చూపిస్తోంది, అదేమిటో చూడకూడదా అని అడిగాను. "పాతబండి కదా మాస్టారూ, డిస్‌ప్లే సంగతి పట్టించుకోకండి" అన్నాడు అక్కడి పెద్దమేస్త్రి. రెండో చోటికి పోయాను. వారు పట్టించుకున్నారు. ముందు బంపరు వెనుక ఉండే ఉష్ణోగ్రత సెన్సారును తీసి పారేసి కొత్తది పెట్టారు. అంకె చెక్కుచెదరలేదు. వెంటనే ఇంకొక మెట్టు పైకెక్కి "అయితే లోపలి కంప్యూటరు పోయింది" అన్నారు. గ్యాసు, కంప్రెసరు, సెన్సారు, కంప్యూటరు! నాలుగు రోగాలకు నాలుగు మందులు చెప్పారు. నాడి పట్టుకున్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

తర్కశాస్త్రంలో అనుమానమంటే కనబడే గుర్తును బట్టి కనబడని దానిని నిశ్చయించుకోవడం. పొగను చూసి కొండ మీద నిప్పుందని తెలుసుకోవడం. అదే మాట తెలుగులోకి వచ్చేసరికి సందేహమనే అర్థంలో స్థిరపడింది. మన మరమ్మతుశాలల్లో జరుగుతున్నది ఈ తెలుగు అనుమానమే. "అదై ఉంటుందేమో" అనుకోవడం, మార్చడం. కాకపోతే "ఇదై ఉంటుందేమో" అనుకోవడం, ఇదీ మార్చడం. సంస్కృతపు అనుమానం చేయడానికి పట్టే సమయం అరగంట. కావలసిన పరికరం ఒక మల్టీమీటరు.

పండిత శిక్షణలో మాకు తర్కసంగ్రహం పాఠ్యగ్రంథం. దాన్ని రచించిన అన్నంభట్టు మన తెలుగువాడే. అందులో హేత్వాభాసాలని ఐదు రకాల దొంగహేతువులు వస్తాయి. ఐదోది బాధితం. నిప్పు చల్లగా ఉంటుందని ఎవడైనా ఎంత ముచ్చటైన హేతువు చూపి సాధించబోయినా, వేలు పెట్టి చూడగానే ఆ వాదం బాధితమైపోతుంది. ప్రత్యక్షం ముందు అది నిలవదు. మే నెలలో మల్కాపురంలో −40 అన్న వాక్యం ఈ బాధితానికి నేను చూసినంతలో అతి స్వచ్ఛమైన ఉదాహరణ. ఇరవై ఐదేళ్ళు తరగతిగదిలో ఇంతటి ఉదాహరణ నాకు దొరకలేదు. అంత స్వచ్ఛంగా బాధితమైన వాక్యం ఎదురైనప్పుడు తెలివైనవాడు చేయవలసిన పని దాన్ని పట్టించుకోకపోవడం కాదు. ఈ యంత్రం ఇంత కచ్చితమైన అబద్ధం ఎందుకు చెబుతోంది, −17 అనో −63 అనో ఎందుకు చెప్పడం లేదు అని అడగడం. ఆ ప్రశ్న వేసినవాడికి సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

సంగతి ఇది. ఆ సెన్సారు చిటికెనవేలి కొనంత ఉంటుంది. దాని లోపల థర్మిస్టరు అనే చిన్న పూస. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, చల్లబడేకొద్దీ పెరుగుతుంది. లోహపు తీగల స్వభావానికి ఇది విలోమం. ఈ విలోమగుణాన్ని 1833లో మైకేల్ ఫారడే సిల్వర్ సల్ఫైడులో గమనించాడు. దానికి రెండే వైర్లు. కారు కంప్యూటరు లోపల ఒక స్థిరమైన నిరోధం గుండా 5 వోల్టులు పంపుతుంది, అది ఒక వైరు వెంట పూస దాకా వెళ్ళి రెండో వైరు వెంట తిరిగివస్తుంది. మధ్యలో ఎన్ని వోల్టులు మిగిలాయో చూసి కంప్యూటరు ఉష్ణోగ్రత లెక్కకడుతుంది. ఎక్కువ వోల్టులు మిగిలితే చలి, తక్కువ మిగిలితే ఎండ. దారిలో ఎక్కడైనా తీగ తెగిపోయిందనుకోండి, నిరోధం అనంతమవుతుంది. 5 వోల్టులూ అలాగే మిగిలిపోతాయి. కంప్యూటరు దృష్టిలో అది ఊహించగలిగినంత చలి. దాని పట్టికలో అన్నిటికంటే కింది గడి చాలా వాహనాల్లో −40. పట్టిక అక్కడితో అయిపోయింది, అందుకే అక్కడ ఆగింది. రెండు వైర్లూ ఒకదానికొకటి అంటుకుపోతే దీనికి తలకిందులు. వోల్టులు సున్నా, పట్టికలో అన్నిటికంటే పై గడి, నమ్మశక్యం కాని ఎండ. కొన్ని కార్లు ఈ రెండు సందర్భాల్లోనూ అంకెకు బదులు రెండు అడ్డగీతలు చూపి మౌనం వహిస్తాయి. అవి కొంచెం సంస్కారం గల కార్లు.

కనుక −40 అంటే చలి అని కాదు, "నాకు అవతలినుంచి మాట వినబడడం లేదు" అని అర్థం. ఏసీ ఆగిపోవడానికి కారణం కూడా అదే. బయట గడ్డకట్టే చలి ఉన్నప్పుడు కంప్రెసరు తిరిగితే దానికే చేటు. అందుకని చలి ఒక హద్దు దాటితే దాన్ని తిరగనివ్వకూడదని చాలా కార్లలో నియమం పెట్టారు. నా కంప్రెసరుకు ఏ రోగమూ లేదు. చలికాలమని చెబితే నమ్మి పడుకుంది. పడుకున్నవాణ్ణి చచ్చిపోయాడని చెప్పి 24,000కు పాడె కట్టబోయారు.

మూడో చోటు దుకాణం అనదగ్గది కూడా కాదు. శ్రీహరిపురం వైపు పోయే దారిలో ఒక రేకులపాక, ఆటోల సెల్ఫ్‌మోటార్లు బాగుచేసే కుర్రవాడు. నేను చెప్పినదంతా విన్నాడు. "ఏటి మాస్టారూ, మైనస్ నలభయ్యే చూపిస్తుందా? అటూ ఇటూ కదలటం లేదా?" అని అడిగాడు. రెండు మరమ్మతుశాలల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇదే. కదలడం లేదు నాయనా అన్నాను. "అయితే సెన్సారు దాకా పోకముందే ఎక్కడో వైరు కొట్టేసుంటాదండి. చూద్దాం" అన్నాడు. ఆ "చూద్దాం" అన్నమాటకు నేను దాసోహమైపోయాను.

రెండో చోటివారు తీసి పారేసిన పాత సెన్సారు అదృష్టవశాత్తు నా దగ్గరే ఉంది. మీటరు దాని రెండు కాళ్ళకు పెట్టాడు. ఒక అంకె వచ్చింది. పిడికిట్లో బిగించి పట్టుకోమని నాకిచ్చాడు. అంకె మెల్లగా, ఎక్కడా తడబడకుండా దిగడం మొదలుపెట్టింది. పక్క సోడాబండి నుంచి మంచుముక్క తెప్పించి గ్లాసునీళ్ళలో వేసి అందులో ముంచాడు. అంకె చకచకా ఎక్కింది. ఏ ఉష్ణోగ్రతకు ఎంత అన్నది కంపెనీకొక పట్టిక. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములు చూపే సాధారణరకం పూస, మంచునీళ్ళలో సుమారు 32కు చేరుతుంది, 40 డిగ్రీల దగ్గర ఇంచుమించు సగానికి పడుతుంది. పట్టిక చేతిలో లేకపోయినా ఎక్కడం దిగడం చూస్తే పూస బతికుందో లేదో తెలుస్తుంది. మాది బతికే ఉంది. నిరపరాధిని ఉద్యోగంలోంచి తీసేశారు.

తరువాత కారు వైపు కొస. తాళం తిప్పి, సెన్సారు ఊడదీసిన కనెక్టరులోని రెండు గదుల మధ్య మీటరు పెట్టాడు. 5 వోల్టులు రావలసినచోట సున్నా. నేనైతే "కంప్యూటరు కరెంటు ఇవ్వడం లేదు, పోయింది" అని అక్కడే తీర్పు చెప్పేసేవాణ్ణి. రెండో చోటివారు చెప్పిందీ అదే. కుర్రవాడు మీటరు నల్లకాలును కనెక్టరులోంచి తీసి కారు ఇనుపచట్టానికి ఆనించాడు. ఎర్రకాలు ఉన్నచోటే ఉంది. 5 వోల్టులు! అంటే కంప్యూటరు ఇవ్వవలసింది ఇస్తూనే ఉంది, అది ఇక్కడి దాకా వస్తూనే ఉంది. తిరుగుప్రయాణపు వైరు మాత్రమే తెగిపోయింది. ఇక ఆఖరి పరీక్ష. ఒక తీగముక్కతో కనెక్టరులోని రెండు గదులనూ కలిపాడు. తిరుగువైరు బాగుంటే అంకె ఇటుచివరి నుంచి అటుచివరికి ఎగరాలి. ఎగరలేదు. ఒక గదిని ఇనుపచట్టానికి కలిపాడు. ఎగిరింది. సెన్సారు ఉంటే ఒకలా, లేకుంటే ఒకలా, వైరు ఉంటే ఒకలా, లేకుంటే ఒకలా. ఇదే కదండీ అన్వయవ్యతిరేకమంటే? ఉన్నప్పుడు ఉండడం, లేనప్పుడు లేకపోవడం. మేము శ్లోకాల్లో వల్లించినదాన్ని ఆ కుర్రవాడు ఒక తీగముక్కతో నడిపించాడు. (ఈ తీగముక్క పరీక్షను చదివి ఉత్సాహపడి, బంపరు వెనక కనబడిన ప్రతి కనెక్టరుకూ చేయకండి. గాలిసంచుల సెన్సార్లు కూడా ఆ చుట్టుపక్కలే ఉంటాయి. వాటి కనెక్టర్లు సాధారణంగా పసుపురంగువి. వాటి జోలికి పోరాదు.)

వైరు మీది ప్లాస్టిక్ తొడుగు చూడడానికి నిక్షేపంలా ఉంది. గట్టిగా లాగితే ఒకచోట రబ్బరులా సాగింది. అక్కడ కోసి చూస్తే లోపలి రాగి పచ్చటి చిలుము పట్టి పిండిపిండిగా రాలింది. మా ఊళ్ళో ఇది వింత కాదు. ఒకవైపు డాల్ఫిన్స్ నోస్ కొండ దాటి వచ్చే ఉప్పుగాలి, మరోవైపు ఓడరేవు బొగ్గుధూళి. కిటికీ ఊచలకు రెండేళ్ళకొకసారి రంగు వేయనివాడి సంగతి ఏమవుతుందో ఈ ప్రాంతంలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోసి, జానెడు కొత్తవైరు అతికి, సీసం పోసి, తొడుగు వేశాడు. పాత సెన్సారునే మళ్ళీ పెట్టాడు. ఏసీ చల్లగా వీచింది. ఎంతివ్వమంటావు అంటే 200 అన్నాడు.

ఇక్కడ నాకెదురయ్యే ఆక్షేపణలు రెండు.

మొదటిది: "ఇప్పుడన్నీ స్కానర్లు వచ్చాయి మాస్టారూ, తీగముక్కల కాలం పోయింది." మొదటి మరమ్మతుశాలలో కూడా స్కానరు తగిలించి "ఏ తప్పూ లేదు" అన్నారు. నిజమే, బయటి ఉష్ణోగ్రత సెన్సారుకు కూడా పి0070 నుంచి పి0074 దాకా తప్పుల సంఖ్యలు కేటాయించి ఉన్నాయి. పి0072 అంటే వోల్టులు బాగా కిందికి పడ్డాయని, పి0073 అంటే బాగా పైకి పోయాయని, పి0074 అంటే వచ్చిపోతోందని. కానీ పాతకార్లలో చాలావాటికి ఈ సెన్సారు ఇంజను కంప్యూటరుకు కాక ఏసీ పెట్టెకో ముందుపలకకో కట్టి ఉంటుంది. సాధారణ స్కానరు పలకరించేది ఇంజను కంప్యూటరునే. మన దేశంలో కార్లకు ఓబీడీ మొదటిదశ 2010లో, రెండోదశ 2013లో వచ్చాయి. అంతకు ముందటి బండికి స్కానరు "తప్పు లేదు" అంటే "నన్నెవరూ అడగలేదు" అని మాత్రమే అర్థం. పోనీ పి0073 అని వచ్చిందే అనుకుందాం. అది సెన్సారు పోయిందని చెప్పదు. వోల్టులు పైకి పోయాయని మాత్రమే చెబుతుంది. పూస చెడినా, వైరు తెగినా, కనెక్టరు చిలుము పట్టినా అదే సంఖ్య. రోగి "జ్వరం" అన్నాడని గుండె కోసేవారుండరు కదా.

రెండో ఆక్షేపణ బలమైనది. దానికి తల వంచుతున్నాను. "అరగంట పరీక్షకు ఎవడు డబ్బిస్తాడండీ? వస్తువు మారిస్తేనే మాకు నాలుగు రూపాయలు" అని మొదటి చోటి మేస్త్రి వెళ్ళేముందు అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అంతకు రెండేళ్ళ క్రితం ఇంకొక సందర్భంలో అదే మేస్త్రి గంటసేపు వెతికి, ఏ భాగమూ మార్చకుండా ఒక గొట్టం బిగించి 300 అడిగితే, "ఏం మార్చావని 300?" అని నిలదీసినవాణ్ణి నేనే. 100 చేతిలో పెట్టి వచ్చాను. ఆలోచనకు కూలి ఇవ్వం. అట్టపెట్టెలోంచి తీసిన ఇనుముకు మాత్రం అడిగినంత ఇస్తాం. జవాబుపత్రాలు చదవకుండా మార్కులు వేసే ఉపాధ్యాయుణ్ణి తిట్టే మనం, చదివినందుకు జీతం అడిగితే ఇవ్వనంటున్నాం. అలా ఒక తరాన్ని నేర్పుగా పెంచాం కదా, వారిప్పుడు మనకు కంప్రెసర్లు అంటగడుతున్నారు. మరమ్మతుశాలల గోడల మీద "పరీక్షకు ఇంత" అని వేరుగా రాసి ఉంచాలి. మనం నసగకుండా ఇవ్వాలి. పరీక్ష ఫలితం నోటిమాటగా కాక కాగితం మీద అడగాలి. ఏ కొసన ఎన్ని వోల్టులు, ఏ కొసన ఎన్ని ఓములు. ఆ కాగితం లేనిదే భాగం మార్చడానికి ఒప్పుకోరాదు.

సరే, నా అసలు నేరం ఇంకా చెప్పలేదు.

వైరు ఎందుకు తెగిందని అడిగితే కుర్రవాడు బంపరు కింద పడుకుని చూసి, సెన్సారును పట్టి ఉంచే ప్లాస్టిక్ కొక్కెం విరిగిపోయి చాలాకాలమైందన్నాడు. గుర్తుకొచ్చింది. రెండేళ్ళ కిందట సింధియా దగ్గర ఒక ఆటో వెనక్కి వచ్చి తగిలితే బంపరు విప్పి సరిచేయించాను. బిగించినవారు సెన్సారును వైరుకు వేలాడదీసి వదిలేశారు. ఆ వేలాట వల్ల ఊగి ఊగి వైరు తెగింది. అయితే ఆ రెండేళ్ళూ సెన్సారు ఎక్కడ ఊగింది? ఏసీ కండెన్సరును, రేడియేటరును ఒరుసుకుంటూ. అంటే అది రెండేళ్ళ పాటు నాకు చెప్పినది బయటి ఉష్ణోగ్రత కాదు, నా బండి ఊపిరి వేడి!

ఆ రెండేళ్ళలో నేనేం చేశాను? వేసవిలో 45, 46 అని ముందుపలక చూపిస్తే నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. వాతావరణశాఖ వాల్తేరులో ఒక అంకె, విమానాశ్రయంలో ఒక అంకె చెబుతుంటే "వారిదంతా కాకిలెక్క, మా మల్కాపురం వేడి వారికేం తెలుసు" అని వీధి అరుగు మీద ఉపన్యాసాలిచ్చాను. కర్మాగారాల వల్ల మన పేట ఊరికంటే ఆరేడు డిగ్రీలు ఎక్కువని సిద్ధాంతం చేశాను. మా పొరుగాయన నౌకాదళపు డాక్‌యార్డులో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. కొలతల మనిషి. "మాస్టారూ, మీ కారుది వాయనం పుచ్చుకుని చెప్పే లెక్క, నమ్మకండి" అని ఎన్నోసార్లు అన్నారు. యంత్రం అబద్ధమాడదండీ అని ఆయన నోరు మూయించాను. మా పేటలో వేడి ఎక్కువే కావచ్చు, కాకపోవచ్చు. నా సాక్షి మాత్రం కూటసాక్షి.

వాతావరణశాఖవారు ఉష్ణమాపకాన్ని తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, గాలి ఆడే పలకల మధ్య, ఎండ తగలకుండా, నేలకు మనిషి ఛాతీ ఎత్తున ఉంచుతారు. ఆ పెట్టె పేరు స్టీవెన్‌సన్ పెట్టె. రూపొందించిన థామస్ స్టీవెన్‌సన్, "ట్రెజర్ ఐలాండ్" నవల రాసిన రచయితకు తండ్రి. తండ్రి గాలిని కొలవడానికి పడ్డ శ్రద్ధ చూస్తే కొడుకు వాక్యాల పొందిక ఎక్కడిదో అర్థమవుతుంది. కారు సెన్సారుకు అంత భోగం లేదు. మోకాలి ఎత్తున, కాగిన తారురోడ్డు మీద, ముందువాడి పొగగొట్టానికి ఎదురుగా బతుకుతుంది. కొక్కెం సరిగా ఉన్నా, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను వేడి దాన్ని కమ్ముకుంటుంది. అందుకే చాలా కార్లలో కంప్యూటరు తొందరపడదు. బండి కొంత వేగంతో కొన్ని నిమిషాలు నడిచిన తరువాతగానీ పెరిగిన అంకెను పలక మీదికి రానివ్వదు, తగ్గిన అంకెనైతే వెంటనే చూపుతుంది. ఈ సంగతి తెలియక కొత్త సెన్సారు పెట్టి, నిలబెట్టిన బండిలో పది నిమిషాలు పలక వంక చూసి, ఇదీ పోయిందని మూడోది కొన్నవారు కూడా ఉంటారు. పలకను పరీక్షించవలసింది తెల్లవారుజామున, రాత్రంతా నీడలో నిలిచిన బండిలో. అప్పుడు ఇంట్లో గోడకున్న ఉష్ణమాపకాన్ని బంపరు పక్కన పెట్టి రెండంకెలూ పోల్చాలి. ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటే కలత చెందనక్కరలేదు.

మైనస్ నలభైని ఎవరూ నమ్మరు. అందువల్ల నాకు పోయింది గ్యాసు డబ్బులూ, అక్కరలేని సెన్సారు డబ్బులూ. నలభై ఆరును మాత్రం నేను నమ్మాను, నలుగురిచేత నమ్మించాను. మేస్త్రి చదవకుండా తీర్పు చెప్పాడని ఇంతసేపు దుయ్యబట్టానే, నేను చేసిందేమిటి? పెట్టె ఎక్కడుందో చూడకుండా అంకె చదివాను. ప్రత్యక్షానికి బాధితమయ్యే అబద్ధాన్ని పట్టుకోవడానికి తర్కం చదవనక్కరలేదు. నలభై ఆరు లాంటిది పట్టుకోవడానికే చదవాలి. చదివి కూడా పట్టుకోలేకపోయాను.

మరొకమాట. కారు సంగతులు తెలుగులో చెప్పడానికి వీలుకాదని నాతో ఒక ఇంజనీరు మిత్రుడు ఎప్పుడూ అంటాడు. ఆ రేకులపాకలో గంటన్నర కూర్చున్నాను. కొట్టేసిన వైరు, చిలుము, షార్టు, ఎర్రకాలు, నల్లకాలు, రిటన్ను, తిరుగుకరెంటు. మొత్తం రోగనిర్ణయం తెలుగులోనే జరిగింది, ఎక్కడా మాట తడుముకోలేదు. నేను పై పేరాల్లో నిరోధమనీ విలోమమనీ రాశాను, అది నా చదువు చేటు.

నిన్న తెల్లవారుజామున 5 గంటలకు కారు తలుపు తీసి తాళం తిప్పాను. 28 అంది పలక. ఇంట్లోంచి ఉష్ణమాపకం తెచ్చి కొత్త కొక్కెం పక్కన పెట్టాను. 27కు కొంచెం పైన. అప్పుడే పాలపొట్లం పుచ్చుకుని వస్తున్న పొరుగాయన గేటు దగ్గర ఆగి, నేను బంపరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉండడం చూశారు. "ఎంతుందండీ మాస్టారూ ఇవాళ?" అని అడిగారు. లోపలికి రమ్మని, ఉష్ణమాపకం ఆయన చేతికే ఇచ్చాను.